గృహిణీ గోష్ఠి: చలికాలమున వియన్నాలో ఇరువురము

మన స్త్రీలు ప్రయాణములు చేయుట లేదని ఎవ్వరును అనజాలరు. తిరుపతికి పోవుదుము, కాశికి పోవుదుము. పెండ్లికి, పురుటికి, పరామర్శకు పోవుదుము. పరదేశముననున్న కుమార్తె నీళ్లాడవలసినప్పుడు సముద్రములు దాటియైనను పోయి ఆఱు నెలలుండి వత్తుము. అయితే ఈ ప్రయాణములన్నిటను మన వెంట పని వచ్చుచునే యుండును. రైలులో పులిహోర పొట్లములు విప్పునది మనమే. సత్రములో తడిబట్టలు ఆరవేయునది మనమే. ఏ పనియు లేకుండ, ఎవ్వరికిని వడ్డింపనక్కఱ లేకుండ, భార్యాభర్తలిరువురే నాలుగు దినములు ఒక క్రొత్త పట్టణమును చూచి వచ్చుట మాత్రము మన కుటుంబములలో నింకను అరుదుగానే యున్నది.

అట్టి ప్రయాణ మొకటి మావారును నేనును గడచిన డిసెంబరు నెలలో చేసితిమి. ఇరువది యెనిమిదేండ్ల కాపురములో ఇదియే మొదటిది. పోయినది ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా నగరమునకు. అచ్చటి వింతలను వర్ణించుటకే ఈ నెల గోష్ఠిని వినియోగింపదలచలేదు. ఇరువురు కలిసి చేయు ప్రయాణమున ఇరువురికిని విశ్రాంతి దొరకునట్లు చూచుకొనుట యెట్లు, అట్లు తీరిక కలిగిన కన్నులతో చూచినప్పుడు ఒక ప్రాచీన నగరము గృహిణికి ఏమి చూపగలదు అను రెండు మాటలు మీతో చెప్పవలెనని నా కోరిక.

కుక్కరు వివాదము

ప్రయాణ వార్త వెలువడగానే బంధువులలో పెద్దదిక్కయిన యొకావిడ మా యింటికి వచ్చి, "చిన్న విద్యుత్ కుక్కరును, అయిదు కిలోల బియ్యమును, కందిపొడియును, ఆవకాయయును సర్దుకొనుము. నీవు వండకున్న అబ్బాయి ఏమి తినును?" అని హితవు చెప్పెను. ఆమె మాటలో ప్రేమ గలదు. కాని ఆ కుక్కరు పెట్టెలో చేరినచో దాని వెంట వంటయిల్లంతయు వచ్చి చేరును. ప్రొద్దున కడుగుట, మధ్యాహ్నము వండుటకు బసకు తిరిగి వచ్చుట, రాత్రి మరల కడుగుట! అచ్చట డిసెంబరు నెలలో ప్రొద్దు ఏడున్నర దాటిన పిదప పొడిచి సాయంకాలము నాలుగు గంటలకే క్రుంకును. పగలు ఎనిమిదిన్నర గంటలు మాత్రమే. అందులో రెండు గంటలు కుక్కరునకు అర్పించినచో మిగులునదేమి?

మావారితో ఈ మాట ముందుగానే విప్పి చెప్పితిని. వారు కొంచెము సేపు ఆలోచించి, "నాలుగు దినములు అన్నము లేకున్న నేనేమియు చిక్కిపోనులే" అనిరి. కందిపొడియును, ఆవకాయ చిన్న సీసాయు మాత్రము తీసికొని కుక్కరును ఇంటనే వదలితిమి. సోదరీమణులారా, ఇట్టి ప్రయాణమునకు మొదటి ఏర్పాటు టిక్కెట్టు కాదు, ఈ సంభాషణము. తరువాత అలుకలు రాకుండవలెనన్న ముందుగానే మాటలాడుకొనవలెను.

రెండవ ఏర్పాటు, ఎవరేమి చూడదలచిరో పట్టిక వ్రాసికొనుట. మావారికి రాజుల చరిత్రము, సంగీతము ప్రియము. నాకు జనులు కాపురములు చేసికొనిన విధము చూచుట ప్రియము. కావున దినమునకు ఒకటి వారిది, ఒకటి నాది అని నిర్ణయించుకొంటిమి. చలికాలపు పగలు చిన్నది గనుక నలువది వస్తువులు చూడవలెనను ఆశ దానంతటదియే తగ్గును. చీకటి పడిన పిదప వెచ్చని చోట కూర్చుండుట తప్ప వేఱు మార్గము లేదు. దంపతులకు ఇది చలికాలము చేయు ఉపకారము.

కొన్ని ఉపయుక్త విషయములు

ఆస్ట్రియాకు పోవుటకు షెంగెన్ అను ఉమ్మడి వీసా కావలెను. ప్రయాణమునకు ఆఱు నెలల ముందునుండి దరఖాస్తు చేయవచ్చును. కనీసము పదునైదు దినములైనను ముందుండవలెను. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు. ముప్పదివేల యూరోలకు తక్కువ గాని వైద్యబీమాయును చూపవలెను. ఈ పనులు పురుషులకే వదలక కాగితములొకసారి మీరును చదువుకొనుడు. పాస్‌పోర్టులోని పేరును టిక్కెట్టులోని పేరును అక్షరము తప్పక సరిపోవలెను. ఇంటిపేరు ముందు వచ్చుటయు వెనుక వచ్చుటయు మనకు తఱచుగా చిక్కులు తెచ్చుచుండును.

దుస్తుల విషయమున ఒక్క బరువైన కోటును నమ్ముకొనుటకంటె పొరలు పొరలుగా ధరించుట మేలు. ఒంటికి అంటుకొనియుండు సన్నని ఉన్ని లోదుస్తు, దానిపై రవికె, స్వెట్టరు, అన్నిటిపైని గాలి చొరని పొడవు కోటు. నేను చీరయే కట్టితిని; కాని లోపల ఉన్ని లాగు తొడిగి, చీరను చీలమండకు కొంచెము పైకి కట్టితిని. కరగిన మంచు బురదలో కుచ్చిళ్లు తడిసినచో ఆ చలి నేరుగా ఎముకలకు ఎక్కును. అడుగున గరుకుగానున్న జోడు, రెండు జతల ఉన్ని మేజోళ్లు, చెవులు కప్పు టోపీ తప్పనిసరి. తలకు రాసికొనుటకు కొబ్బరినూనె తీసికొనిపోయినచో అది సీసాలో వెన్నవలె గడ్డకట్టును, నువ్వులనూనె మేలు. గదులలో రాత్రింబవళ్లు వెచ్చదనముండును గాని ఆ గాలి పొడిగా నుండి పెదవులు పగులును. తడితువాలు ఒకటి గదిలో ఆరవేసినచో కొంత నయము.

ఆదివారము అంగళ్లు మూసియుందురు. శనివారమే పండ్లు, రొట్టె కొనియుంచుకొనుడు. శాకాహారులు రెండు మాటలు నేర్చికొనవలెను: "ఓనె ఫ్లైష్" అనగా మాంసము లేకుండ, "ఓనె ఐ" అనగా గ్రుడ్డు లేకుండ. కూరగాయల చారువలె కనబడు దానికి మాంసపు రసము ఆధారముగా నుండవచ్చును గనుక అడుగక పుచ్చుకొనరాదు. బంగాళాదుంపలు, రొట్టె, జున్ను, ఆపిలుపండ్ల పూరణముతో చేసిన ష్ట్రూడెల్ అను పొరల భక్ష్యము ఎల్లెడల దొరకును. వీథి మూలలందు నిప్పులపై వేచిన చెస్ట్‌నట్ కాయలను కాగితపు పొట్లములలో పోసి యిత్తురు. అవి చేతులకు వేడిమియు, కడుపునకు ఆహారమును.

మొదటి దినము: గోపురమును, నీరును

నగరము నడుమ సెయింట్ స్టీఫెన్ దేవాలయ మున్నది. దాని దక్షిణ గోపురము 136 మీటర్ల యెత్తు, 1433లో పూర్తియైనది. 343 మెట్లెక్కి పై గదికి పోవచ్చును. మావారెక్కిరి; నేను నా మోకాళ్లను మన్నించి క్రింద కూర్చుంటిని. ఒకరు ఎక్కుచో రెండవవారును ఎక్కి తీరవలెనను నియమము మేము పెట్టుకొనలేదు.

ఈ గుడికథలో నన్నాకర్షించినది దాని యెత్తు కాదు. 1945 ఏప్రిల్‌లో, రెండవ ప్రపంచ యుద్ధపు కడపటి దినములలో, ప్రక్క అంగళ్లనుండి నిప్పు వ్యాపించి గుడి కప్పు కాలి కూలెను. పుమ్మెరిన్ అను మహాఘంట క్రిందపడి పగిలెను. దేశము ఆకలితో నున్న కాలమది. అయినను తొమ్మిది రాష్ట్రములవారును తలకొక పని పంచుకొనిరి. ఒక రాష్ట్రము ఘంట పోయించెను. ఒకటి నేల పరచెను. ఒకటి కిటికీలు చేయించెను. వియన్నావారు కప్పు నేయించిరి. మన యిండ్లలో పెండ్లి వచ్చినప్పుడు ఒకరు పందిరి, ఒకరు పాలు, ఒకరు పూలు ఒప్పుకొనినట్లున్నది గదా! 1952లో గుడి పూర్తిగా తెఱవబడెను. పగిలిన పాత ఘంట లోహముతో పోసిన ఇరువది టన్నుల క్రొత్త ఘంట నేటికిని నూతన సంవత్సరమును మ్రోగి ఆహ్వానించుచున్నది.

ఆ సాయంకాలము బసలో మంచినీరెక్కడ అని అడుగగా అచ్చటి అమ్మాయి చేతికొళాయి చూపి నవ్వెను. ఆ నీరు పర్వతములనుండి వచ్చును. పూర్వము వియన్నాలో బావినీటివలన అంటురోగములు ప్రబలుచుండెను. 1873లో దాదాపు నూఱు కిలోమీటర్ల దూరమునుండి ఆల్ప్స్ పర్వతపు ఊటనీటిని, ఏ యంత్రమును తోడకుండ పల్లమునుబట్టి పాఱునట్లుగా కాలువలు కట్టి తెచ్చిరి. 1910లో రెండవ కాలువ వచ్చెను. రాజభవనములు కట్టినవారి పేర్లు పిల్లలు వల్లింతురు. కాని ఆ పట్టణపు తల్లులు బిడ్డకు భయము లేక గ్రుక్కెడు నీరు పట్టుటకు కారణమైనది ఈ కాలువయే.

రెండవ దినము: మహారాణియు, ఆమె భర్తయు

షోన్‌బ్రున్ రాజభవనము పసుపువన్నె గోడలతో మంచు నడుమ మెఱయుచుండెను. గదులు 1,441, యాత్రికులకు చూపునవి కొన్నియే. అందులో ఒక గది మన కన్నులను కట్టివేయును. దాని గోడలకు శీషమువంటి చక్కని చెక్కపలకలు తాపి, వానిలో మన మొగలాయి కాలపు సూక్ష్మచిత్రములను బిగించియున్నారు. రాజకుటుంబమువారు ఆ చిత్రములను కత్తిరించి తమకు తోచినట్లు క్రొత్తగా అతికిరట! ఢిల్లీ దర్బారులోని మనుష్యులు వియన్నా గోడపై ఏనుగులతో, పందిళ్లతో నిలిచియుండుట చూచి సంతోషింపవలెనో, కత్తెరను తలచి బాధపడవలెనో తెలియలేదు.

ఈ భవనమునకు నేటి రూపము నిచ్చినది మరియా థెరీసా. 1740 మొదలు 1780 వఱకు నలువదేండ్లు ఏలెను. ఇరువదిమూడవ యేట సింహాసన మెక్కగానే పొరుగు రాజులు, ఆడుది గదా యని దండెత్తి వచ్చిరి. ఆమె యుద్ధములు నడపుచునే పదునార్గురు బిడ్డలను కనెను. వారిలో పదుగురు మాత్రమే పెరిగి పెద్దవారైరి. 1774లో ఆడుపిల్లలకును మగపిల్లలకును సమముగా ఆఱవ యేటినుండి బడిచదువు విధిగా నుండవలెనని శాసనము చేసినది ఈమెయే. ఆమె గుణములన్నియు పొగడదగినవి కావు. 1744లో ప్రాగు నగరమునుండి యూదులను వెడలగొట్టుటకు ఆజ్ఞ యిచ్చినదియు ఆమెయే. గొప్పవారి చరిత్ర చదువునప్పుడు రెండు పుటలును చదువవలెను.

మధ్యాహ్నము నగరములోని కాపుచిన్ మఠపు నేలమాళిగకు పోయితిమి. ఆ వంశపు రాజుల శవపేటిక లందున్నవి. మరియా థెరీసాయును భర్త ఫ్రాన్సిస్ స్టీఫెనును ఒకే పేటికలో నున్నారు. దానిపై ఇరువురి విగ్రహములును, నిద్రనుండి అప్పుడే సగము లేచినట్లు, ఒకరి మొగము నొకరు చూచుచుండును. వారి దాంపత్యమున కలతలు లేకపోలేదు; భర్త చంచల స్వభావమువలన ఆమె మనసు నొచ్చినదని చరిత్రకారులు వ్రాసియున్నారు. అయినను 1765లో ఆయన మరణించిన పిదప ఆమె జుట్టు కత్తిరించుకొని, తాను పోవు వఱకు పదునైదేండ్లు నల్లని దుస్తులే ధరించెను. తమ కాపురము ఇరువది తొమ్మిదేండ్ల ఆఱునెలల ఆఱుదినములు సాగినదని లెక్కవ్రాసి దాచుకొనెను. వారి యెదుటనే కుమారుడైన రెండవ జోసెఫ్ ఏ అలంకారమును లేని రాగిపెట్టెలో నున్నాడు. ఆ మాళిగలోనే, రాజవంశమున పుట్టని ఒకే ఒక్క మనిషికి చోటు దొరకినది. ఆమె రాణిని చిన్ననాట పెంచి విద్య నేర్పిన ఫుక్స్ ప్రభ్విణి. పెంచిన చేతిని మఱువక రాణి ఆమెను తనవారి నడుమనే ఉంచుకొనెను.

బయటికి వచ్చిన పిదప మావారు చాలసేపు మాటాడలేదు. తుదకు, "మనది ఎన్ని దినములు?" అని అడిగిరి. లెక్క వేసి చెప్పితిని. పదివేలు దాటినది.

కాఫీశాల

వియన్నాలో కాఫీశాల యన్న వచ్చి, త్రాగి, పోవు చోటు కాదు. పాలరాతి బల్లలు, మెత్తని ఆసనములు, చెక్క పట్టీకి బిగించిన వార్తాపత్రికలు. నల్లకోటు ధరించిన పరిచారకుడు వెండివన్నె పళ్లెరములో కాఫీ గిన్నెయును, ప్రక్కనే ఒక గ్లాసు మంచినీరును తెచ్చి పెట్టును. ఒక కాఫీ కొని రెండు గంటలు కూర్చుండినను లెమ్మనువారుండరు. మీరడుగువఱకు లెక్కచీటి రాదు. 1685లో ఒక ఆర్మీనియా వర్తకుడు అచ్చట మొదటి కాఫీశాలకు అనుజ్ఞ పొందెనందురు. 2011లో ఈ సంప్రదాయమును ఆ దేశపు సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చిరి. పందొమ్మిదవ శతాబ్దము నడిమి వఱకును ఇవి పురుషుల చోట్లే. స్త్రీ అచ్చట నుండినచో డబ్బుపెట్టె యొద్ద కూర్చుండుటకే.

మేము మెలాంజ్ అను పాలనురుగు కాఫీ రెండు తెప్పించుకొంటిమి. నేను పొగలు క్రక్కుచున్న గిన్నెను రెండు చేతులతో పట్టుకొని మెల్లగా త్రాగుచుండగా మావారు వింతగా చూచి, "నీకింత వేడిగా ఇష్టమా? ఇంటిలో ఎప్పుడును చల్లార్చుకొని త్రాగుదువు గదా!" అనిరి.

"చల్లార్చుకొనుట కాదండీ, అందఱికిని ఇచ్చి వచ్చుసరికి చల్లారిపోవును" అంటిని.

నింద మోపవలెనని ఆ మాట అనలేదు; ఉన్నది చెప్పితిని. ఇరువది యెనిమిదేండ్లుగా ఒకే యింట ఒకే డికాక్షను త్రాగుచున్న ఇరువురికి ఈ చిన్న సంగతి తెలియుటకు అంత దూరము పోవలసివచ్చెను. అది వారి దోషమనియు అనజాలను, నాదనియు అనజాలను. ఇంటిలో మనమొకరికొకరు ఎదురుగా కూర్చుండము. ఒకరు కూర్చుండగా నొకరు నిలిచి యుందుము. ఎదురెదురుగా కూర్చుండినగాని కానరాని విషయములు కొన్ని గలవు.

మూడవ దినము: చిత్తరువును, పాటయును

కున్‌స్ట్‌హిస్టోరిషెస్ అను కళాప్రదర్శనశాలలో బ్రూగెల్ అను చిత్రకారుడు 1565లో వ్రాసిన మంచుకాలపు చిత్ర మున్నది. వేటగాండ్రు అలసి కుక్కలతో కొండ దిగి వచ్చుచుందురు. అందఱును వారినే చూతురు. కొంచెము నిలిచి చూడుడు: ఎడమప్రక్క సత్రము వాకిట నిప్పు ఎగయుచుండ జనులు పనిలో మునిగియుందురు, క్రింద వంతెనపై ఒక స్త్రీ చితుకుల మోపు మోసికొని పోవుచుండును, గడ్డకట్టిన చెఱువుపై పిల్లలు జాఱుచుందురు. వేట దొరకినను దొరకకున్నను పొయ్యి వెలుగవలెను గదా! నాలుగు వందల అఱువదేండ్ల నాటి ఆ కట్టెలమోపు నాకు మన పల్లెలలో చితుకులేరు తల్లులను తలపించెను.

రాత్రి సంగీతనాటకశాలకు పోయితిమి. ఈ భవనము 1869లో తెఱవబడి, 1945 మార్చిలో బాంబులపాలై, 1955లో మరల తెఱవబడెను. మంచి ఆసనములకు వెల మిక్కిలి హెచ్చు. కాని నాలుగు వందలకు పైగా నిలుచుండు చోట్లు గలవు. అవి సామాన్యులకు అందుబాటులోనుండును. అచ్చటి యాచారము వినుడు. తన చోటు దొరకగానే ముందున్న కమ్మికి మెడగుడ్డ కట్టి, కొంతసేపు బయటికి పోయి రావచ్చును. ఆ గుడ్డ కట్టిన చోటును మఱియొకరు తాకరు. మన బస్సులో చేతిరుమాలు వేసి చోటు పట్టుటకు ఇది తోబుట్టువే. మావారి ఉన్నిగుడ్డయు, నా శాలువయు ప్రక్క ప్రక్కన ముడివేసితిమి. ప్రతి చోటునకును చిన్న తెరపై పాట అర్థము ఇంగ్లీషులో కనబడును.

వాద్యగోష్ఠిలో వయొలిను వాయించు స్త్రీలను చూచి సంతోషించితిని. దాని వెనుక కథ యున్నది. ఈ వాద్యకారులనుండియే ఏర్పడిన వియన్నా ఫిల్‌హార్మోనిక్ సంఘము 1842లో పుట్టినది. 1997 వఱకు, నూట యేబదియైదేండ్లు, స్త్రీకి సభ్యత్వ మీయలేదు. ఆన్నా లెల్కెస్ అను విదుషి అంతకుముందు రెండు దశాబ్దములకు పైగా వారితోనే హార్ప్ వాయించుచున్నను ఆమె సభ్యురాలు కాదు. 1997లోనే ఆమె మొదటి స్త్రీసభ్యురాలయ్యెను. పని చేయించుకొనుటకు అడ్డు రాని నియమము పేరు వ్రాయుటకు అడ్డు వచ్చుట మనకును ఎఱుగని విషయము కాదు.

నాలుగవ దినము: చాకిరేవు

ఈ దినపు ప్రొద్దు నాది. హైలిగెన్‌ష్టాట్ అను పేటకు మెట్రో రైలులో పోయి దిగగానే ఎదుట ఎఱ్ఱని కోటవంటి కట్టడము కనబడును. పొడవు ఒక కిలోమీటరునకు పైమాట. పేరు కార్ల్ మార్క్స్ హోఫ్. 1927 మొదలు 1930 వఱకు నగరసభవారు కూలిజనులకై కట్టించిన 1,382 ఇండ్ల సముదాయమిది. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప వియన్నాలో పేదలు ఒక్కొక్క గదిలో ఆర్గురేడుగురు చొప్పున బ్రదుకుచుండిరి. నగరసభవారు 1923లో గృహనిర్మాణపు పన్ను విధించి, ధనికులపై హెచ్చుగా వసూలు చేసి, 1934 వఱకు అఱువదివేలకు పైగా ఇండ్లు కట్టించిరి.

ఆ కట్టడమునందు పిల్లల బడులు, స్నానశాలలు, గ్రంథాలయము, దంతవైద్యశాల, ఉమ్మడి చాకిరేవులును ఏర్పఱచిరి. ఒక చాకిరేవుశాల నేడు ఆ కాలపు చరిత్రను చూపు ప్రదర్శనశాలగా నున్నది. చలిదేశములో బట్టలుదుకుట యెంతటి శిక్షయో తలచుకొనుడు. నీరు మోసి, కట్టెలు తెచ్చి కాచి, ఉతికి, ఆరక, ఇరుకు గదిలోనే వ్రేలాడదీసినచో బిడ్డలకు దగ్గు. యంత్రములతో, వేడినీటితో ఆ చాకిరిని ఇంటినుండి బయటికి తెచ్చి ఒకచోట చేర్చుట ఆ స్త్రీలకు ఎన్ని గంటల ఆయువును తిరిగి యిచ్చెనో! రాజభవనములోని బంగారు గదులకంటె ఈ శాల యెదుటనే నేను ఎక్కువసేపు నిలిచితిని. మావారు గడియారము చూడలేదు.

ఇట్టి ఆలోచనములు చేసినవారిలో మార్గరెటె షూట్టె-లిహోట్‌స్కి యొకతె. 1897లో వియన్నాలో పుట్టి, గృహనిర్మాణశాస్త్రము చదివిన మొదటి స్త్రీలలో నొకతెయై, 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరపు ఇండ్లకై చిన్న వంటగదిని రూపించెను. రెండు మీటర్లకు లోపు వెడల్పు, మూడున్నరకు లోపు పొడవు. అడుగులు తగ్గవలెనని, చేయి చాచిన దూరమున పప్పుడబ్బాలు, కూర్చుండి తరుగుటకు బల్ల, వెలుతురునకు కిటికీ యమర్చెను. ఫ్రాంక్‌ఫర్టులో దాదాపు పదివేల ఇండ్లలో ఇట్టి వంటగదులు కట్టిరి. నేటి మన యపార్టుమెంట్ల వంటగదులు దీని సంతతియే. నాజీల నెదిరించినందున 1941 మొదలు 1945 వఱకు ఆమె చెఱలో నుండెను. 2000లో, నూఱేండ్లు దాటిన పిదప మరణించెను. ఆమె వంటగది నమూనాను అచ్చటి అలంకార కళల ప్రదర్శనశాలలో చూడవచ్చును. దానిలో ఒకరికే చోటున్నదని తరువాతి స్త్రీలు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణయు ఆలోచింపదగినదే. వంటగది యెంత సులువైనను అందు నిలుచునది ఎల్లప్పుడు ఒక్కరేనా?

సాయంకాలము, దీపములు వెలిగిన పిదప, ఒక తోటలో వలయముగా నిలిపిన రాతిపలకల యొద్దకు పోయితిమి. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించిన పిదప చంపబడిన యూదుల పేర్లు, అఱువది నాలుగువేలకు పైగా, వానిపై చెక్కి 2021లో నిలిపిరి. ఈ అందమైన వీథులలోనే కాఫీ త్రాగి, పాటలు విని, బిడ్డలను బడికి పంపిన కుటుంబములవి. ఒకే యింటిపేరు వరుసగా కనబడినప్పుడు తల్లియు బిడ్డలునేమో యని మనసు కలుక్కుమనును. ఏ ప్రాచీన నగరమునకు పోయినను ఇట్టి చోటొకటి చూడక మరలరాదని నా యభిప్రాయము.

మన దేశపు కథ యొకటియు ఈ నగరమున నున్నది. 1934లో సుభాష్ చంద్రబోసు తన గ్రంథరచనకు సాయపడుటకై వియన్నా యువతి ఎమిలీ షెంకెలును నియమించుకొనెను. ఆ పరిచయము దాంపత్యమాయెను. 1942 నవంబరులో వియన్నాలో అనిత పుట్టెను. 1943 ఫిబ్రవరిలో ఆయన జలాంతర్గామిలో తూర్పునకు పోయెను. మరల కలిసికొనుట లేదు. ఎమిలీ టెలిఫోను కార్యాలయములో ఉద్యోగము చేసి, కుమార్తెను పెంచి, 1996లో మరణించెను. స్వాతంత్ర్య చరిత్రములలో ఆమెకు దక్కునది ఒకటి రెండు పంక్తులే. ఆ వీథులలో ఒక స్త్రీ శీతకాలపు చీకటిలో పనినుండి యింటికి నడచిపోవుచుండుట నాకు కనబడినట్లే యుండెను.

పోగోరువారికి

సోదరీమణులారా, వియన్నాకే పొమ్మని నేను చెప్పుట లేదు. అందఱికిని అంత వ్యయము తగదు. మైసూరైనను, జయపురమైనను, మీకు రెండు గంటల దూరముననున్న ఏ పాత పట్టణమైనను సరియే. పద్ధతి ఒక్కటే. పోవుటకు ముందు వంట మాట తేల్చుకొనుడు. దినమునకు రెండు చోట్లకు మించి పెట్టుకొనకుడు. ఒకటి ఆయనది, ఒకటి మీది. మీది ఏదియో మీకే తెలియనిచో రెండు దినములు ఆలోచించి తెలిసికొనుడు. "నాదేమున్నది, మీ ఇష్టమే" అని మాత్రము అనకుడు. కోటలు చూచినప్పుడు ఆ కోటకు నీరెట్లు వచ్చెనో, అన్నమెవరు వండిరో అడుగుడు. బంధువులకు బహుమానములు కొనుటకు ఒక పూటకు మించి ఈయకుడు. రోజునకొకసారి, ఎవ్వరును లెమ్మనని చోట, ఎదురెదురుగా కూర్చుండుడు.

మేము మరలి వచ్చి నెలలు గడచినవి. ఆదివారపు ప్రొద్దుటి కాఫీ ఇప్పుడు మావారే కలుపుచున్నారు. చక్కెర కొంచెము హెచ్చుగా పడుచున్నది. నేనింకను ఆ మాట చెప్పలేదు. వేడిగా మాత్రము నుండుచున్నది.

వచ్చు నెల గోష్ఠిలో వేసవికి ముందు ఊరగాయ జాడీలు సిద్ధపఱచుకొను విధమును గూర్చి ముచ్చటించుకొందము.